పిలుపు దరువు

1959 ఫిబ్రవరి 8, ఆదివారం

ఇవాళ గుడిలో కూర్చోవడానికి చోటు చాలలేదు. చీరాల నుంచి జయరావు గారు వస్తున్నారని తెలిసి, మిరపకోతలతో ఒళ్లు హూనమైనవాళ్లు కూడా తలకు నూనె రాసుకుని వచ్చారు. జయరావు గారు సంఘాల పాటల పుస్తకం కమిటీకి కార్యదర్శి. కొత్త పుస్తకంలో వేయడానికి నా పాట వినాలని వచ్చారు. ఇన్నేళ్ల నా పాస్టరు ఉద్యోగంలో నా ప్రసంగం వినడానికి ఎవరూ బండి కట్టించుకుని రాలేదు.

"మా గడప తొక్కవయ్యా యేసయ్యా, మా గుడిసె చాలునయ్యా" అని మా అమ్మాయి రాహేలు ఎత్తుకుంది. ఆదాం డోలక్ అందుకున్నాడు. రెండో చరణానికల్లా ముసలివాళ్లు కూడా లేచి నిలబడ్డారు. జయరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. సాహిత్యం సరే గాని ఆ దరువు ఎక్కడిదండీ, మనిషిని కూర్చోనివ్వదే అన్నారు. ప్రార్థనలో దొరికిందని చెప్పాను. అది నిజం. మోకాళ్ల మీద ఉండగానే నా చేతులు బల్ల మీద కొట్టాయి. మాటలు తరవాత వచ్చాయి.

పుస్తకంలో నా పేరు వేస్తారట. కీర్తి దేవునికే. ఇంటికి వచ్చి పలక మీద ‘రచన: సంజీవరావు’ అని రాసి చూసుకుని, మా ఆవిడ సువార్తమ్మ నీళ్ల బిందెతో వచ్చేలోపల చెరిపేశాను.

ఊళ్లో వడ్లవారి పిల్లకు అమ్మవారు పోసిందంటున్నారు. టీకాల ఆయన మొన్న వచ్చాడు. మునసబు గారి అరుగు మీద కూర్చుని కాఫీ తాగి, ఊరివాళ్ల చేతులకు గుచ్చి వెళ్లిపోయాడు. మా పల్లెలోకి కూడా రమ్మంటే చీకటి పడుతుందన్నాడు. అప్పటికి ఎండ నడినెత్తిన ఉంది.

ఫిబ్రవరి 11, బుధవారం

మునసబు బాపయ్య గారు కబురు పెడితే వెళ్లాను. పోలేరమ్మకు కొలుపు చేస్తారట. దున్నను కొన్నారు, పందిరి వేశారు, డప్పు కొట్టేవాళ్లు మాత్రం లేరు. పక్క ఊళ్లవాళ్లను పిలిస్తే రామన్నారు. అమ్మవారిని పొలిమేర దాటించే దరువు ఏ ఊరిది ఆ ఊరివాళ్లే కొట్టాలి.

"మీ నాన్న యలమంద కొట్టి పంపించాడు. అదే ఆఖరు. మీరు మతం పుచ్చుకున్నాక అమ్మను సాగనంపినవాడు లేడు. వచ్చిందల్లా ఊళ్లోనే ఉండిపోయింది" అన్నారు బాపయ్య గారు.

మేం దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లం, డప్పు ముట్టం అన్నాను. నమ్ముకోండి ఎవరొద్దన్నారు, కొట్టేసి ఇంటికెళ్లి ప్రార్థన చేసుకోండి అన్నారు. కోపంగా అనలేదు. ఉపాయం చెబుతున్నట్టు అన్నారు. అంతసేపూ నిలబడే విన్నాను. ఆ అరుగు మీద నాకు కుర్చీ వెయ్యరు. సెమినరీలో హీబ్రూ అక్షరాలు నేర్చుకున్నానని చెబితే వేస్తారేమో.

నాన్న ఈ ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ చచ్చిన ప్రతివాడికీ డప్పు కొట్టాడు. కూలి లేదు. ఒకసారి జ్వరమొచ్చి వెళ్లకపోతే చింతబరికెతో కొట్టారు. బాప్తిస్మం నాడు ఆ డప్పు తెచ్చి మిషన్ దొరగారి కాళ్ల ముందు మంటలో వేశాడు. తోలు కాలుతుంటే ఏడ్చాడు. సంతోషం పట్టలేక ఏడ్చాడని దొరగారు అమెరికాకు రాసుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. సంతోషమే.

ఫిబ్రవరి 12

పల్లెలో ఎవరూ డప్పు ముట్టకూడదని ఆదాంతో చెప్పాను. "ముట్టటానికి ఎవరింట్లో ఉందండీ?" అన్నాడు.

ఫిబ్రవరి 17, మంగళవారం

మధ్యాహ్నం పల్లె మొత్తం కోతలకు పోయింది. సువార్తమ్మ, రాహేలు కూడా కళ్లంలో కాయలు ఏరడానికి వెళ్లారు. నేను పందిట్లో కూర్చుని ఆదివారం ప్రసంగం రాసుకుంటున్నాను. ఒక ముసలామె వచ్చి గడప పక్కన చతికిలబడింది. పొడుగుమనిషి. ముఖానికి ఎప్పటిదో పసుపు, మడమకు అంటుకుని ఒక మిరపకాయ. పందిరంతా వేపాకు వాసన.

మంచినీళ్లు ఇచ్చాను. తాగి, చెంబు పక్కన పెట్టి, "ఎందుకు పిలిచావురా?" అంది.

ఎవరో మతిలేని మనిషి అనుకున్నాను. నేనెవర్నీ పిలవలేదమ్మా, ఎవరి తాలూకు అని అడిగాను.

"యలమంద కొడుకువి కాదంట్రా నువ్వు? ఆదివారం ఆదివారం పిలుస్తానే ఉంటివి. పొలిమేర దాకా పోతాను, వెనక నించి నీ దరువు. తిరిగొస్తాను. ఎన్నేళ్లని తిరగమంటావు?"

నాన్న పేరు పల్లెలో ఎవరిని అడిగినా చెబుతారు. అందులో వింత లేదు. దణ్ణం పెట్టి పంపించేశాను. వెళ్లేటప్పుడు వీధిలో ఆదాం మనవడు దుమ్ములో ఆడుకుంటున్నాడు. ముసలామె ఆగి వాడి బుగ్గ నిమిరింది. ముద్దుగా ఉంటాడు, ఎవరైనా నిమురుతారు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఆదాం మనవడికి జ్వరం. వడదెబ్బ అయి ఉంటుంది. ఈసారి ఎండలు ముందే వచ్చాయి.

ఫిబ్రవరి 22, ఆదివారం

గొంతు బాగాలేదని, ఇవాళ వేరే పాట పాడుకుందామని చెప్పాను. ఎవరికీ రుచించలేదు. ప్రసంగం మధ్యలో ఆదాం లేచి, పిల్లవాడి కోసం అయ్యగారి పాట పాడాలండీ, అది పాడితేనే ప్రభువు వచ్చినట్టుంటుంది అన్నాడు. రాహేలు నా వైపు చూసింది. తల ఊపాను.

పిల్లవాడికి పొక్కులు తేలాయి.

ఫిబ్రవరి 24

మళ్లీ వచ్చింది. ఈసారి అడగకుండానే పీట వేశాను. ఎందుకు వేశానో తెలియదు.

నువ్వెవరో తేల్చి చెప్పమన్నాను. నవ్వింది. పళ్లు తెల్లగా ఉన్నాయి. నువ్వు చిన్నప్పుడు నాన్న తొడ మీద కూర్చుని నేర్చుకున్నది ఒకసారి కొట్టు అంది. కొట్టనన్నాను. కొట్టనంటూనే నా వేళ్లు మోకాలి మీద కదిలాయి. కుడిచేతి సిర్ర దెబ్బ, ఎడమచేతి పుల్ల దెబ్బ, ఒక విరామం, మళ్లీ సిర్ర. కొలుపు మొదటి రోజున నాన్న పోలేరమ్మ గుడి ముందు కొట్టే పిలుపు దరువు. అమ్మవారిని ఊళ్లోకి రమ్మని పిలిచేది.

వేళ్లు ఆపి చూస్తే, మా పాటలో ఆదాం డోలక్ మీద వేసేది అదే. ఒక దెబ్బ తేడా లేదు.

"మాటలు మీ ఆయన్ని పిలుస్తాయి, దరువు నన్ను పిలుస్తుంది. ఇద్దరం వస్తాం. గుమ్మంలో నిలబడి ముందు నువ్వెళ్లంటే నువ్వెళ్లంటాం. మంచివాడే పాపం. పాదాల నిండా గాయాలు" అంది.

సైతాను ఏ వేషంలోనైనా వస్తాడని రాసి ఉంది. ఆ వాక్యం చదివి వినిపించాను. శ్రద్ధగా విని, చదువు బాగా అబ్బిందిరా నీకు, మీ నాన్న సంతోషించేవాడు అంది.

దేనికి ఈ పని, పసివాళ్లను ఎందుకు ముట్టుకుంటావు అని అడిగాను. అరిచాననుకుంటాను.

"పిల్లల్ని చూస్తే నీకు చెయ్యి వెయ్యబుద్ధి కాదా? నాకూ అవుద్ది. నే వేస్తే పొక్కుద్ది. నా వల్ల కాదు. అందుకేగా మీ తాతలు ఏడాదికోసారి పిలిచి, ఇంత తిండి పెట్టి, పొలిమేర దాటించేది. మీరు పంపటం మానేశారు. పిలవటం మానలా" అంది.

ఆమె వెళ్లాక ప్రార్థన చేశాను. ఆ దరువు నాకు ప్రార్థనలోనే వచ్చింది. దేవుడు ఇచ్చాడు. దేవుడు ఇవ్వనిది అంతమందిని లేపి నిలబెట్టదు.

ఫిబ్రవరి 26

ఆదాం మనవడు పోయాడు. సమాధి దగ్గర ఆదాం తనే డోలక్ తెచ్చుకుని పాట మొదలుపెట్టాడు. అంత దుఃఖంలో ఉన్నవాణ్ణి ఎట్లా ఆపుతాను? రేపు మెల్లగా చెబుతాను.

మార్చి 1, ఆదివారం

చెప్పాలనే పల్పిట్ ఎక్కాను. ముందు వరసలో ఆదాం గుండు చేయించుకుని కూర్చున్నాడు. ఏమని చెప్పాలి? ఆదాం, నీ మనవడి కోసం నువ్వు వాయించినంతసేపూ అమ్మవారినే పిలిచావని చెప్పాలా? ఇంతకంటే చెడ్డ మాట వాళ్ల శత్రువు కూడా చెప్పడు. ఈ మాట ఊళ్లోకి పాకితే బాపయ్య గారి అరుగు మీద ఎంత నవ్వుకుంటారో నాకు తెలుసు. మన అమ్మవారికే మొక్కుతున్నార్రా వీళ్లు, గుడి కట్టుకుని మరీ, అంటారు. రేపటి నుంచి మళ్లీ డప్పులు చేతికిస్తారు.

ఇది నా పేరు కోసం కాదు. పల్లె పరువు కోసం.

రాహేలు ఒళ్లు వెచ్చగా ఉంది.

మార్చి 4

పొక్కులు. ముఖం మీద, అరచేతుల్లో, నాలుక మీద కూడా. సువార్తమ్మ వేపమండలు తెచ్చి మంచం చుట్టూ పరిచింది. ఇది వైద్యమే గాని పూజ కాదండీ అని తనే అంది. నేను అడగలేదు.

మార్చి 6

రాహేలు నీళ్లు మింగలేకపోతోంది. దూది తడిపి పెదవులకు అద్దుతున్నాం. బాపట్ల బోర్డింగు స్కూల్లో పాటలకు ఎప్పుడూ తనే ముందుండేది. పద్నాలుగేళ్లు నిండలేదు. తనకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు.

మార్చి 8, ఆదివారం

ఆరాధన అయ్యాక సంఘమంతా మా ఇంటికి వచ్చింది, రాహేలు కోసం ప్రార్థన చేయడానికి. లోపల పట్టక పందిట్లో, వీధిలో కూర్చున్నారు. ఎవరికి వాళ్లు ఒక మిరప తట్ట ఖరీదు చేసే కూలి మానుకుని వచ్చారు. ఆదాం డోలక్ ఒళ్లో పెట్టుకున్నాడు.

నాకు తెలుసు. డోలక్ మీద అతని చెయ్యి పడకముందే తెలుసు. లేచి వద్దనాలి. అందరూ నా ముఖం చూస్తున్నారు, అయ్యగారు తన పాట తనే ఎత్తుకోవాలని. సువార్తమ్మ దణ్ణం పెడుతున్నట్టు చూసింది. నేనే ఎత్తుకున్నాను.

"మా గడప తొక్కవయ్యా" అని ఇంతమంది గొంతులతో మా గడప మీద ఎప్పుడూ పాడలేదు.

మొదటి చరణం అవుతుండగా ఆమె జనం మధ్యలోంచి నడిచి వచ్చింది. ఎవరూ పక్కకు జరగలేదు, ఎవరూ చూడలేదు. తిన్నగా లోపలికి వెళ్లి మంచం దగ్గర కూర్చుంది. ఇంతమంది పిలిస్తే రాకుండా ఎట్టా ఉండేదిరా అంది నాతో. ఆమె కూడా ఏడుస్తోంది. రాహేలు వాచిపోయిన రెప్పల కిందనుంచి, "అవ్వా, చల్లగా ఉన్నావు" అంది. జ్వరంలో పలవరిస్తోందని సువార్తమ్మ అనుకుంది.

మార్చి 9

మధ్యాహ్నం ఆమెను బతిమాలాను. నేను బతిమాలాను. యేసు నామంలో పొమ్మని గద్దించవలసినవాణ్ణి కాళ్ల దగ్గర కూర్చుని బతిమాలాను. ముందు గద్దించి చూశాననుకో. ఆమె చాలా ఓపికగా విన్నది.

పోవాలనే ఉంది, పంపే దరువు కొట్టు, ఈ గడప నుంచి పొలిమేర దాకా నడిపించు, పిల్ల బతుకుద్ది అంది.

తరవాత రాహేలు జుట్టు సరిచేస్తూ ఇంకో మాట చెప్పింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు రాసిపెడుతున్నాను.

"సాగనంపిన గడప మీదికి మళ్లీ పిలిచారో, ఈసారి ఒట్టి చేతులతో పోను. పోలేను. అది నా మాట కాదు, నా కట్టు. మీ నాన్నకు తెలుసు. కొలుపు అయిన ఇంట్లో ఏడాది దాకా పిల్లలు పుల్లతో పళ్లెం కూడా కొట్టేవాళ్లు కాదు."

అవును. చిన్నప్పుడు నేను పళ్లెం కొడితే మా అమ్మ నా చేతి మీద వాత పెట్టింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

మార్చి 11, బుధవారం

మాబూబీని అడిగాను. పీర్ల చావిడి ఊడ్చే మనిషి. పీర్ల పండక్కి వాయించే డప్పు చావిడి దూలానికి వేలాడుతుంటుంది. దేనికి అని అడగలేదు. బిడ్డకు ఎట్లుంది అని మాత్రం అడిగి, పైటచెంగుతో డప్పు దుమ్ము తుడిచి ఇచ్చింది.

పల్లె పనుల్లోకి పోయాక, సువార్తమ్మను మందు తెమ్మని చీరాల ఆస్పత్రికి పంపాక, పెరట్లో గడ్డి మంట వేసి డప్పు కాచాను. తోలు బిగిసింది. సిర్ర చేతిలోకి తీసుకుంటే వేళ్లు ఎక్కడ ఉండాలో అక్కడికే పోయాయి.

గడప మీద నిలబడి మొదటి దెబ్బ వేశాను. ఆమె లేచింది. రాహేలు నుదురు ఒకసారి చూసి, ముట్టుకోకుండా చేతులు వెనక్కి పెట్టుకుని బయటికి వచ్చింది. ముందు నేను, వెనక ఆమె. మిరప చేల గట్టు వెంబడి, కాయ కోసిన మోళ్లు రెండువైపులా, ఎండకు కళ్లు మండుతున్నాయి. కొట్టుకుంటూ నడిచాను. నాన్న దరువు. ఆయన ఇట్లాగే నడిచాడు, వెనక ఊరు మొత్తం వచ్చేది, ముందు మాత్రం ఆయనే. ఈ దరువు కొడుతున్నంతసేపూ ఆయన ఎవరికీ జీతగాడు కాదని నాకు ఇవాళ తెలిసింది. ఇది ఎవరికి చెప్పను?

పొలిమేర రాయి దగ్గర ఆగాను. ఆమె దాటింది. అవతల నిలబడి, నీ చెయ్యి మీ నాన్న చెయ్యే అంది. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి ఎవరు మెచ్చుకున్నా ఇంత సంతోషం కలగలేదు. ఇది కూడా ఎవరికీ చెప్పేది కాదు.

ఇంటికి వచ్చి చూస్తే రాహేలు నుదురు చెమర్చి ఉంది.

మార్చి 12

జ్వరం దిగింది. గంజి తాగింది.

మార్చి 15, ఆదివారం

సువార్తమ్మ సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పింది. ఆదివారం మీరంతా వచ్చి పాడారు, బుధవారానికి నా బిడ్డ లేచింది అంది. అందరూ ఏడ్చారు. ఆ పాటలో శక్తి ఉందని ఆదాం అన్నాడు. తన మనవడి మాట ఎత్తలేదు.

రాహేలు ఎడమ కన్ను పోయింది. అది ఇంకా తనకు చెప్పలేదు. చాలా చెప్పలేదు.

శ్రమల దినాలు గదా, ఈస్టరు దాకా దుఃఖ కీర్తనలే పాడాలి, డోలక్ వద్దు అని ప్రకటించాను. ఎవరికీ అనుమానం రాలేదు. ఇంత చిన్న ఉపాయం ముందే ఎందుకు తట్టలేదో.

మార్చి 16

బాపయ్య గారు స్వయంగా పల్లె మొదటికి వచ్చి పిలిచారు. ఆరోజు దరువు ఊళ్లోకి వినబడిందట. పొలిమేర దగ్గర చేలో ఉన్న ఆయన పాలేరు చూశాడట.

"మంచి పని చేశావు సంజీవరావూ. ఊళ్లో కొత్తగా ఎవరికీ పొయ్యలేదు. పై ఏడు మీ కుర్రాళ్లకు కూడా నేర్పించు" అన్నారు. నా కూతురి ఒంటి సంగతి కూడా అడిగారు. తన ఇంట్లో నుంచి పెరుగు పంపించారు. తిట్టి ఉంటే బాగుండేది.

చూశావా. నేను సంఘంలో నోరు విప్పితే జరిగేది ఇదే. పల్లె కోసమే ఊరుకున్నాను.

మార్చి 20, శుక్రవారం

జయరావు గారు వచ్చారు. నా పాట అచ్చయిన కాగితం చూపించారు. పైన పాట, కింద కుడివైపు నా పేరు. పుస్తకం రాకముందే చుట్టుపక్కల సంఘాలన్నీ నేర్చేసుకున్నాయట. పర్చూరు వైపు, పొన్నూరు వైపు, ఎక్కడ చూసినా అదే పాటట. మాటలకంటే ముందు ఆ దరువు పట్టుకుంటున్నారండీ, అది వాళ్ల ఒంట్లోనే ఉన్నట్టుంది అన్నారు నవ్వుతూ.

పొలిమేర దాటి ఆమె ఎటు పోయి ఉంటుందో అప్పుడు తలపుకొచ్చింది. ఏ ఊరికి పోయినా అక్కడా పిలుస్తారు. పోనీ. మా గడప కాదు గదా.

ఆ పాట ఆపండి అనడానికి అదే సమయం. కాగితం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. నా పేరు పక్కన చిన్న అచ్చుతప్పు ఉంటే చూపించాను. దిద్దిస్తానన్నారు.

మార్చి 24

రాహేలు పాటలు పాడబోతే గొంతుకు విశ్రాంతి ఇవ్వమన్నాను. సరే నాన్నా అంది. ఏది చెప్పినా సరే అంటుంది. కారణం కూడా చెప్పాలి. చెబితే అవ్వ ఎవరని అడుగుతుంది, నేను డప్పు కొట్టానా అని అడుగుతుంది. బాప్తిస్మం ఇచ్చింది నేనే గదా తనకు. కాస్త కోలుకున్నాక చెబుతాను.

మార్చి 27, మంచి శుక్రవారం

సిలువ మీద ఆయన పలికిన మాటల మీద ప్రసంగించాను. బాగా మాట్లాడానని అన్నారు.

మార్చి 28

పొక్కుల చెక్కులు రాలిపోయాయి. సువార్తమ్మ వేపాకు నీళ్లతో తలంటింది. రాహేలు అద్దం అడిగింది. ఇచ్చాం. చాలాసేపు చూసుకుని, "పాడటానికి కన్ను ఎందుకులే నాన్నా" అంది. రేపు ఈస్టరుకు గుడికి వస్తానంటోంది. తనే పాట ఎత్తుకుంటుందట.

రేపు పొద్దున్నే, గుడికి వెళ్లకముందే, కూర్చోబెట్టి అంతా చెబుతాను. సంఘానికీ చెబుతాను. ఏమైతే అయింది. నిశ్చయించుకున్నాక మనసు తేలికపడింది.

మార్చి 29, ఈస్టరు

నేను చొక్కా వేసుకుంటున్నాను. చెప్పాలనే, గుడికి వెళ్లకముందే చెప్పాలనే. మొదటి మాట ఎట్లా మొదలుపెట్టాలో ఆలోచిస్తున్నాను.

రాహేలు గడప మీద కూర్చుని తడి జుట్టు ఎండలో ఆరబెట్టుకుంటోంది. పక్కన కారం అయిపోయిన ఖాళీ డబ్బా ఉంది. వేళ్లతో దాన్ని కొట్టడం మొదలుపెట్టింది. కూనిరాగం. తరవాత గొంతు విప్పి పాడింది.

నాలుగు అంగల్లో వెళ్లి రాహేలు నోరు మూయగలిగేవాణ్ణి. అరవగలిగేవాణ్ణి. అన్నీ రాస్తాను, ఇక్కడ ఎవరు చూస్తారు. నేను నిలబడి విన్నాను. ఇన్ని రోజుల తరవాత ఆ గొంతు తిరిగి వచ్చింది, అది నా పాట పాడుతోంది, ఎంత బాగుందో. ఒక్క చరణం విందామనుకున్నాను. ఆ పాటను అంత బాగా ఎవరూ పాడలేదు, ఇక పాడరు.

చరణం పూర్తయింది. వేపాకు వాసన వచ్చింది.

"వచ్చావా అవ్వా, నాన్నకు నిన్ను చూపిద్దామనుకున్నా" అంది రాహేలు వీధిలోకి చూస్తూ.

ఆమె గడప బయట నిలబడి ఉంది, కాళ్లనిండా దుమ్ము, ఎక్కడెక్కడి ఊళ్లు తిరిగిందో. రాహేలు వైపు చూడలేదు. నా వైపే చూసింది.

"చెప్పలేదంట్రా పిల్లకి?" అంది.

ఏప్రిల్ 1, బుధవారం

నిన్న సాయంత్రం రాహేలును వాళ్ల తాత పక్కన సమాధి చేశాం. ఈసారి పొక్కులు లేవు, జ్వరమే. డప్పు అడగడానికి మాబూబీ దగ్గరికి పరిగెత్తాను. ఇచ్చింది. పొలిమేర దాకా కొట్టాను, పగలంతా కొట్టాను, చేతులు పగిలాయి. ఆమె మంచం దగ్గర నుంచి లేవలేదు. లేవలేనురా, కట్టు అని చెప్పింది. పల్లె అంతా చూసింది నేను డప్పు కొట్టడం. బిడ్డ పోతున్నవాడికి మతి పోయిందనుకున్నారు. దాచడానికి అన్ని రోజులు తిప్పలు పడ్డాను, తీరా చూస్తే దాన్ని పట్టించుకున్నవాడు లేడు.

సమాధి దగ్గర సంఘమంతా ఆ పాటే పాడింది, రాహేలుకు ఇష్టమని. ఆదాం వాయించాడు. ఆమె వచ్చి జనం వెనక నిలబడింది. పక్కన ఇంకొకాయన ఉన్నాడు. పాదాల నిండా గాయాలు. ఎన్నాళ్లు ప్రార్థించానో ఒక్కసారి కనబడమని. ఆమెకు ఎండ తగలకుండా పక్కన నిలబడి ఆయన మట్టి వైపే చూస్తున్నాడు. నా వైపు ఒకసారి కూడా చూడలేదు.

ఏప్రిల్ 12, ఆదివారం

పాటల పుస్తకాలు వచ్చాయి. అచ్చుతప్పు దిద్దారు.

సువార్తమ్మకు చదవడం రాదు. ఆ పేజీ ఎక్కడుందో నన్ను చూపించమని, దాని మీద వేలు పెట్టుకుని కూర్చుంది. మన బిడ్డ పాట అంటోంది. పొద్దున్నుంచి ఇల్లు ఊడుస్తూ, అంట్లు తోముతూ పెదవులు కదుపుతోంది. ఇంకా గొంతు రావడం లేదు తనకు.

రేపు చెబుతాను.